ప్లీడరుగారి మేడలో వంటమనిషి

పెరటి గది,
వేసవి మొదట్లో.

కోడలు పిల్లకి మేనత్త ఆశీస్సులు.

నువ్వు కొనిచ్చిన ఫోను ఉప్పు డబ్బా పక్కన క్షేమంగా ఉంది. అందులో నీ మాట నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం ఊహించుకోవాలి. నా ఊహలో నువ్వు ఎప్పుడూ మంచి మాటలే అంటావు. అలా మోసపోవడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

మ్యూజియం ప్రారంభానికి వచ్చావని విన్నాను. వినడమేమిటి, వంటింటి కిటికీలోంచి చూశాను కూడా. రిబ్బను కత్తిరించావు, ఫోటోలు దిగావు, కారెక్కావు. పెరటి దాకా రావడానికి తీరిక చిక్కి ఉండదు. బ్యాంకు మేనేజరువి, పది మందికి జవాబు చెప్పుకోవాల్సినదానివి.

మర్నాడు నేనూ టికెట్ కొనుక్కుని మన ఇల్లు చూసొచ్చాను. ముసలివాళ్ళకి సగం ధరట. ఇన్నాళ్ళకి నా వయసు ఒక పనికొచ్చింది. ఈ ఇంట్లో పుట్టి ఈ ఇంట్లోనే తల నెరిసినదాన్ని, వీధి గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టడం మాత్రం ఇదే మొదలు. కక్షిదారులకి అడ్డం రాకూడదని ఆడవాళ్ళందరినీ పెరటి దారినే తిరగమనేవారు మీ తాత.

ముందు హాల్లో ఆయన బొమ్మ నిలబెట్టారు. మూతపడ్డ ఏదో బట్టల కొట్టులోంచి తెచ్చి నల్లకోటు తొడిగారట. ఒక చెయ్యి చాచి, లోపల ఇంకా మంచి రకాలున్నాయి రండి అన్నట్టు నవ్వుతోంది. మా నాన్న నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆ ముచ్చటా తీరింది. వెనక గోడ మీద బంగారు అక్షరాల్లో, మిల్లు కార్మికుల జీతాల కేసులో ఆయన కోర్టులో అన్న మాట రాశారు: "పని చేసిన ప్రతి చేతికీ కూలి ముట్టాలి." దాని కింద పాలరాయి మీద, ఇంటిని ఊరికి దానమిచ్చిన మహాదాతగా నీ పేరు. బాగుంది. రాయి మంచిది వాడారు.

సాయంత్రాలు ఆయన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకునే ఇత్తడి బేసిను గుర్తుందా? దాన్ని తళతళా తోమి, "బీదల కోసం విరాళాలు సేకరించిన పాత్ర" అని చీటీ అంటించారు. జనం భక్తిగా చిల్లర వేస్తున్నారు. నేనూ వేశాను. అందులో అన్నేళ్ళు వేడినీళ్ళు పోసిన చెయ్యి, చిల్లర వెయ్యడానికి వెనకాడుతుందా?

మెట్ల పక్క గోడకి మన వంశవృక్షం గీశారు. మీ తాత, నాయనమ్మ, మీ నాన్న, మీ అమ్మ, నువ్వు, నీ పిల్లలు. పేరు కింద వృత్తి కూడా రాశారు. మీ నాన్న ఒళ్ళో ఉన్న బొచ్చుకుక్కని కూడా గీశాడు ఆ పెయింటరు, పుణ్యాత్ముడు. నా పేరే కనపడలేదు. కళ్ళజోడు మార్చుకోవాలి కాబోలు.

ఇంకో సంగతి. మ్యూజియం కార్యదర్శి టేపు పట్టుకొచ్చి నా గది కొలుచుకున్నాడు. చూసేవాళ్ళకి మరుగుదొడ్లు కావాలిట, పైపులు ఇటునుంచే పోతాయిట. మీ నాన్న పోయే ముందు నీ చెయ్యి పట్టుకుని, "అత్త బతికినన్నాళ్ళూ ఆ గది అత్తది" అన్నాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను, నువ్వూ ఉన్నావు. పైపులకి ఆ మాట తెలియదు కదా, నువ్వొకసారి చెబుతావేమోనని రాస్తున్నాను.

నీ అత్త.


బ్యాంకు కాలనీ,
వేసవి మధ్యలో.

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు క్షేమంగా ఉన్నందుకు చాలా సంతోషం. ప్రారంభం నాడు ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు, అందుకే పెరటికి రాలేకపోయాను. మనసంతా అక్కడే ఉంది.

వంశవృక్షం విషయంలో పెయింటరుకి గోడ సరిపోలేదట. నేనూ చూసి బాధపడ్డాను.

గది గురించి కమిటీ ఇంకా ఆలోచిస్తోందంతే. అయినా అత్తయ్యా, ఎన్నాళ్ళని ఆ చీకటి గదిలో ఉంటారు? చూరు కురుస్తుంది, మీకా మోకాళ్ళ నొప్పులు. మా ఇంట్లో మీ కోసం గది సిద్ధం చేయించాను. కిటికీ ఉంది, లిఫ్ట్ ఉంది, పిల్లలు కూడా మీ చేతి వంట కోసం ఎదురుచూస్తున్నారు. వచ్చే నెల ఒకటో తారీకున వ్యాను పంపిస్తాను. మంచం, పెట్టె తెచ్చుకోండి చాలు.

ఈలోగా మ్యూజియానికి వచ్చే జనంతో మాట్లాడి అలిసిపోకండి. మీ ఆరోగ్యం ముఖ్యం.

మీ మేనకోడలు.


పెరటి గది,
ఎండలు ముదిరాక.

కోడలు పిల్లా,

అత్తా అత్తా అంటూ నా కొంగు పట్టుకు తిరిగిన నోటితో ఇన్నేళ్ళూ "నువ్వు" అన్నదానివి, ఈ ఉత్తరంలో "మీరు" అన్నావు. మన ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మర్యాద పెరిగిందంటే, వాళ్ళ మంచం ఎవరో కదిలిస్తున్నారన్నమాటే.

ఇక నీ దొడ్డమనసు సంగతి. నిన్న మధ్యాహ్నం వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. అవతల గైడు పిల్ల జనానికి చెబుతోంది. చరిత్రలో ఎమ్మే చేసిన పిల్ల, గొంతు గంటలా ఉంటుంది. ఏమంటోందంటే, ఈ ఇంటి పాత వంటమనిషి ఇంకా ఇక్కడే ఉంటోందట. దిక్కులేనిదని జాలిపడి, ఇల్లు దానం చేశాక కూడా దాతగారు కొన్నాళ్ళు ఉండనిచ్చారట. నేను కత్తిపీట పక్కన పెట్టి, ఎవరబ్బా ఆవిడ, ఇన్నాళ్ళూ నాకు కనపడకుండా ఎక్కడుంది అని ఆలోచించాను. ఈ వంటింట్లో నేను తప్ప ఇంకొకరు పొయ్యి వెలిగించిన గుర్తు లేదు.

తర్వాత ఆ పిల్లని పిలిచి మెల్లగా అడిగాను. కార్యదర్శి చెప్పాడంది. కార్యదర్శిని అడిగితే, "దాతగారే చెప్పారు పెద్దమ్మా, నీ మీద వాళ్ళకి చాలా అభిమానం" అన్నాడు.

నీ అభిమానం చల్లగుండ. కాదని చెప్పలేదులే, భయపడకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పైగా గైడు పిల్ల ఒక కోరిక కోరింది. రోజూ కాసేపు వంటింట్లో కూర్చుని, ఆ రోజుల్లో పొయ్యి ఎలా రాజేసేవాళ్ళో, ఇంతమందికి ఎలా వండేవాళ్ళో జనానికి చెప్పమంది. సరేనన్నాను. ఇన్నేళ్ళలో ఈ వంటింటి గురించి నన్నడిగిన మొదటి మనిషి.

ఇలా ఉంటూ,
మీ ఇంటి పాత వంటమనిషి.


బ్యాంకు కాలనీ,
నెలాఖరు.

అత్తయ్యగారికి,

కార్యదర్శి పొరపాటుగా అర్థం చేసుకున్నాడు. "ఇంట్లో వంట అంతా ఆవిడే చూసుకునేవారు" అని మాత్రమే నేనన్నాను. ఇప్పుడు సరిదిద్దితే లేనిపోని గొడవ. పేపర్లవాళ్ళు కూడా వస్తున్నారని విన్నాను. దయచేసి పొయ్యి గురించి, గిన్నెల గురించి తప్ప ఏమీ చెప్పకండి. తాతగారి గురించి అసలొద్దు.

వ్యాను ఒకటో తారీకు ఉదయమే వస్తుంది. సిద్ధంగా ఉండండి.

మీ మేనకోడలు.


వంటిల్లు,
తొలకరి పడ్డాక.

దాతగారికి నమస్కారాలు.

వ్యాను వచ్చింది, వెళ్ళింది. నేను పంపలేదు, కార్యదర్శే పంపేశాడు. ఆ ఉదయం టీచర్ల బృందం ఒకటి నా కోసం బెంచీల మీద కూర్చుని ఉంది. "ఈవిడ వెళ్ళిపోతే జనం బట్టల కొట్టు బొమ్మని చూడటానికి వస్తారా?" అని డ్రైవరు మీద ఇంతెత్తున లేచాడు. నా మంచం అప్పటికే సగం వ్యానులోకి ఎక్కింది. మళ్ళీ దింపించాడు.

నువ్వు చెప్పినట్టే పొయ్యి గురించే మొదలుపెడుతున్నాను. కానీ పొయ్యి గురించి చెబితే, దాని మీద ఎవరి కోసం వండానో చెప్పాలి కదా. జీతాల కేసు గెలిచిన రోజు సంగతి అడిగారు. చెప్పాను. తెల్లవారుజాము నుంచి వండుతూనే ఉన్నాం, హాలు నిండా పూలదండలు, జనం. ఎవరో పెద్దమనిషి భోజనం చేసి, "ఇంత రుచిగా ఎవరు వండారు?" అని అడిగాడు. అయ్యగారు, "ఎవరో ఇంట్లోవాళ్ళే" అని కేసు సంగతిలోకి వెళ్ళిపోయారు. అయ్యగారు అనే అన్నానులే. వంటమనిషిని కదా, నాన్న అంటే బాగుండదు.

వెనకనుంచి ఒకాయన, "నీకు జీతం ఎంత ఇచ్చేవారమ్మా?" అన్నాడు.

"అయ్యగారు ఇంకా తేల్చలేదండీ" అన్నాను.

అందరూ నవ్వారు. నా వంటకి కూడా ఎవరూ ఇంత సంతోషపడలేదు. ఒక్క మాట చెప్పనా? వంటమనిషి కావడంలో ఇంత సుఖముందని నాకు తెలియదు. కూతురైతే ఇన్నేళ్ళూ పరువని నోరు కట్టుకుంది. వంటమనిషికి ఆ బెడద లేదు.

ఆ ఊపులో ఒక మాట ఎక్కువ అన్నానేమో. అయ్యగారికి ఆడపిల్లలు లేరా అని ఎవరో అడిగారు. "ఒకతె ఉండేది" అన్నాను. "తల్లికి జబ్బు చేస్తే బడి మానిపించి వంటింట్లోకి పంపారు. నాతోనే ఉండేది, ఎప్పుడు చూసినా పొయ్యి దగ్గరే." తర్వాత ఏమైందన్నారు. "ఏమోనండీ, గోడ మీది చెట్టులో కూడా లేదు" అన్నాను.

గైడు పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు కమిటీవాళ్ళు ఆ తప్పిపోయిన కూతురి కోసం వెతుకుతున్నారు. కార్యదర్శి పాత ఫోటోలన్నీ తిరగేస్తున్నాడు, మధ్యమధ్యలో నా దగ్గరికొచ్చి, "ఎలా ఉండేదమ్మా, పొడుగా, పొట్టా?" అని అడుగుతున్నాడు. నా అంతే ఉండేదని చెప్పాను. పాపం, రాసుకున్నాడు.

ఇట్లు,
మీ ఇంటి పాత వంటమనిషి.


బ్యాంకు కాలనీ,
ముసురు రోజు.

అత్తా,

ఏమిటి నువ్వు చేస్తున్న పని? నీ "తప్పిపోయిన కూతురి" ఫోటో పంపమని కార్యదర్శి నాకే ఉత్తరం రాశాడు. పేపరువాడు ఫోన్ చేసి, "మీ మేనత్త ఎప్పుడు పోయారండీ?" అని అడిగాడు. ఏం చెప్పాలి నేను? మ్యూజియం వంటింట్లో కూరగాయలు తరుగుతోందని చెప్పనా? తేలు కుట్టిన దొంగలా మాట మార్చి పెట్టేశాను.

నీకు నవ్వులాటగా ఉంది. నా పరిస్థితి కూడా ఆలోచించు. ఇంట్లో కుటుంబం తాలూకు మనిషి ఉంటే దానం చెల్లదని, మ్యూజియానికి ప్రభుత్వ గ్రాంటు రాదని కమిటీవాళ్ళు అన్నారు. రేపు నువ్వు హక్కు అడుగుతావని వాళ్ళ భయం. వంటమనిషి అంటే ఎప్పుడైనా పంపెయ్యొచ్చు కదా అని ఊరుకున్నారు. నాకప్పుడు వేరే దారి తోచలేదు. చెట్టులో నీ పేరుంటే మళ్ళీ అడుగుతారని అదీ తీయించాను. గోడ సరిపోకపోవడం అబద్ధం. ఇప్పుడు సంతోషమేనా?

గ్రాంటు వచ్చేసింది కాబట్టి ఇక ఎవరూ నిన్ను కదపరులే. నువ్వు ఆ కథలు మానెయ్యి, నేను కార్యదర్శితో ఏదో ఒకటి చెప్పి సర్దుతాను. నీకేం కావాలో చెప్పు, చేయిస్తాను.

నీ మేనకోడలు.


వంటిల్లు,
ఆదివారం మర్నాడు.

కోడలు పిల్లా,

నాకేం కావాలో అడిగావు. తర్వాత చెబుతాను. "నువ్వు" అన్నావు, అది అందింది.

నిన్న మధ్యాహ్నం జనంలో ఒకావిడ వచ్చింది. టికెట్ కొనుక్కుంది, ముఖమంత నల్లకళ్ళజోడు పెట్టుకుంది, పొడుగాటి ఒకాయన వెనక నిలబడింది. ఎవరో తెలియదనే అనుకుంటోంది పాపం. నిలబడి నిలబడి కుడికాలి వేళ్ళతో ఎడమకాలి మడమ గోక్కుంది. చిన్నప్పుడు తాత చేత చీవాట్లు తినేటప్పుడు అచ్చం అలాగే నిలబడేది మా పిల్ల.

ఇంటి పిల్లలు ఎవరైనా ఈ వంటింట్లోకి వచ్చేవారా అని ఆ పొడుగాటాయనే అడిగాడు. నేను చెప్పింది నువ్వు విన్నావు. అయినా రాస్తాను, వెనక ఉన్నవాళ్ళకి సరిగ్గా వినపడదు కదా.

ఒక మనవరాలు వచ్చేదన్నాను. తాత కేకలేసినప్పుడల్లా పిండి డబ్బా వెనక దాక్కునేది. అందరూ భోజనాల గదిలో తింటుంటే తను నా పక్కన నేల మీద కూర్చునేది. వంటమనిషిని పట్టుకుని అత్తా అని పిలిచేది. ఒకరోజు, "అత్తా, నువ్వెందుకు అందరితో కూర్చుని తినవు?" అని అడిగింది. పని ఇంకా అవలేదన్నాను.

"నేను పెద్దయ్యాక నీకు జీతమిస్తాను. అప్పుడు పని అయిపోతుంది" అంది.

గైడు పిల్ల ఊరుకోక, "ఇచ్చిందా పెద్దమ్మా?" అని అడిగింది. చిన్నపిల్ల మాట కదమ్మా, గుర్తుంటుందా అన్నాను. ఆ మాట నిన్ను చూడకుండానే అన్నాను. తలెత్తేసరికి నువ్వున్న చోట పొడుగాటాయన ఒక్కడే ఉన్నాడు.

వానలో తడిశావేమో. ఒంట్లో బాగుందా?

నీ అత్త.


బ్యాంకు కాలనీ,
ఆ వారంలోనే.

అత్తా,

గుర్తుంది. ఆ పిండి డబ్బా వాసన కూడా గుర్తుంది. కారులో కూర్చుని తాళం పెట్టలేకపోయాను. సిగ్గేసింది అత్తా, అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

మళ్ళీ లోపలికెళ్ళి కార్యదర్శితో చెప్పేశాను. ఆవిడ మా వంటమనిషి కాదు, మా అత్త, మీరు వెతుకుతున్న కూతురు ఆవిడే అన్నాను. ముందు తెల్లబోయాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, "తప్పిపోయిన కూతురు మ్యూజియంలోనే దొరికింది" అని బోర్డు రాయిద్దామన్నాడు. ఆపాను. గది నువ్వు బతికినన్నాళ్ళూ నీదేనని కమిటీ చేత రాతపూర్వకంగా తీర్మానం చేయించాను. నకలు ఇందులో పెడుతున్నాను. నాన్నకిచ్చిన మాట ఇంత ఆలస్యంగా నిలబెట్టుకున్నాను.

పెయింటరు సోమవారం వస్తాడు. చెట్టులో నాన్న పక్కనే నీ పేరు. అందరి పేర్ల కింద ప్లీడరు, ఇంజనీరు, బ్యాంకు మేనేజరు అని ఉంది కదా, నీ పేరు కింద ఏం రాయాలని అడిగారు. నాకు తోచలేదు. కార్యదర్శి "త్యాగమూర్తి" అంటున్నాడు, ఆ మాటకి గోడ మీద ఖాళీ కూడా ఉందట. నువ్వేమంటావు?

నీ కోడలు పిల్ల.


వంటిల్లు,
వాన వెలిశాక.

కోడలు పిల్లకి ముద్దులు.

తీర్మానం అందింది. చదివి, ఉప్పు డబ్బా పక్కన ఫోను కింద పెట్టాను. ఇప్పటికి ఆ ఫోను ఒక పనికొచ్చింది.

త్యాగమూర్తి వద్దని కార్యదర్శికి చెప్పు. త్యాగమంటే మనది మనం తెలిసి ఇవ్వడం. నన్ను ఎవరూ అడగలేదు, తీసుకున్నారంతే. ఆ మాట గోడ మీద రాస్తే తీసుకున్నవాళ్ళకి హాయిగా నిద్ర పడుతుంది. పోయినవాళ్ళకి ఎలాగూ పడుతోంది, ఇంకా ఎందుకు?

నా పేరు కింద "వంటమనిషి" అని రాయించు. నువ్వు బాధపడి చింపెయ్యకు, కోపంతో రాయడం లేదు. కార్యదర్శితో నువ్వు మొదట అన్నది అబద్ధమని ఇన్నాళ్ళూ నొచ్చుకున్నాను. తీరా కూర్చుని ఆలోచిస్తే ఈ ఇంట్లో నా గురించి ఎవరైనా నిజం చెప్పారంటే అది నువ్వే. మీ తాతకి కూతుర్ని, మీ నాన్నకి చెల్లెల్ని, నీకు అత్తని, అవన్నీ పిలుపులు. పొద్దున లేచి చేసింది వంట. వాళ్ళెవరూ ఆ పేరు పెట్టలేదు, పెడితే జీతం అడుగుతానని భయమేమో. నువ్వు పెట్టావు. జీతమొక్కటే తక్కువైంది.

అదీ తీరింది. గైడు పిల్ల పట్టుబట్టి నన్ను ఉద్యోగంలో పెట్టించింది. పని: వంటింట్లో కూర్చుని మాట్లాడటం. నిన్న మొదటి జీతం ఇచ్చారు. ఆఫీసు గదిలో ఇస్తామంటే కాదని, ముందు హాల్లో ఇవ్వమన్నాను. బంగారు అక్షరాల కింద, నాన్న బొమ్మ ఎదుట నిలబడి సంతకం పెట్టి తీసుకున్నాను. బొమ్మ నవ్వుతూనే ఉంది. నాకే కళ్ళ నీళ్ళొచ్చాయి, ఎందుకో తెలియదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నాన్న రచ్చ గెలిచిన ఇన్నేళ్ళకి ఇంట కేసు తేలింది.

మరుగుదొడ్లు ఆయన ఆఫీసు గది వెనక వరండాలో కడుతున్నారు. పైపులు అటునుంచి కూడా పోతాయని నేనే చూపించాను.

ఈసారి వచ్చినప్పుడు టికెట్ కొనకు, నల్లకళ్ళజోడు పెట్టుకోకు. పెరటి గుమ్మంలోంచి రా. పిండి డబ్బాకి అడ్డంగా తాడు కట్టి "ముట్టుకోరాదు" అని చీటీ అంటించారు. నువ్వు ముట్టుకోవచ్చు. ఎవరైనా అడిగితే నేను చెబుతాను, ఇంటి పిల్లేనని.

నీ అత్త,
వంటమనిషి.